ఎవరూ కాదనని డైరెక్టరు

ఆ రోజు పెనుకొండలో భోజనాలు ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ సినిమా వేరేలా ఉండేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను. ప్రొడక్షన్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు, "డైరెక్టర్‌ను ఎట్లా ఎంచుకోవాలి సార్?" అని అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ భోజనాలే. ఈ మాట చెబితే వాళ్లు నవ్వుతారు. నవ్వండి గానీ, మొత్తం విని నవ్వండి.

నేను పుట్టి పెరిగింది హిందూపురంలో. మా ఇంటికీ మా ప్రార్థన మందిరానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అక్షరాలు బడిలో కంటే ముందు వాక్యంలోనే, అంటే బైబిల్లోనే నేర్చుకున్నాను. మా అమ్మ వేలు పెట్టి చూపిస్తే చదివేవాణ్ణి. తర్వాత హైదరాబాదు చేరి, సినిమా ఆఫీసుల్లో చిన్న పనులు చేస్తూ చేస్తూ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌నయ్యాను. పేరు పెద్దదే. పని మాత్రం, డబ్బు పెట్టే నిర్మాతకూ సినిమా తీసే డైరెక్టర్‌కూ మధ్య నిలబడి ఇద్దరి కోపాన్నీ మింగడం. ఏ ఊళ్లో షూటింగ్ ఉన్నా ఆదివారం పొద్దున అక్కడి సంఘాన్ని వెతుక్కుని వెళ్లేవాణ్ణి. అందుకని యూనిట్‌లో అందరూ నన్ను 'పాస్టరు' అనేవారు. నేను పాస్టర్‌ను కాను. కాదని చెప్పి చెప్పి అలసిపోయి ఊరుకున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. మా మందిరంలో దేనికీ ఓటు ఉండదు. చేతులెత్తడం, లెక్కపెట్టడం ఉండవు. ఏదైనా పెద్ద విషయం తేల్చాలంటే సంఘ పెద్దలు ఉపవాసముండి కూర్చుంటారు. ప్రార్థన చేస్తారు, మాట్లాడుకుంటారు. అందరి మనసూ ఒకటైతేనే ఆ పని జరుగుతుంది. ఒక్కరి మనసు ఒప్పుకోకపోయినా ఆగిపోతుంది. ఒకసారి మా సంఘానికి కొత్త పాస్టర్‌ను పిలవాల్సి వచ్చింది. వచ్చినాయన గొంతు బాగుంది, చదువు బాగుంది, అందరికీ నచ్చాడు. పెద్దల్లో ఒకాయన మాత్రం, "నా మనసు ఒప్పుకోల్యా" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు. ఆయన ఒక్కడి కోసం అంతా ఆపేశాం. ఆయన ఎందుకు వద్దన్నాడో ఆయనకే తెలియదు. ఆ వచ్చినాయన సంగతి తర్వాత బయటపడ్డాక మాకు తెలిసింది.

అలాంటి చోట పెరిగినవాడికి ఆ పద్ధతి మీద ఎంత నమ్మకం ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా ఉద్యోగం చివరి రోజుల్లో, రిటైరయ్యే ముందు చేసిన పెద్ద సినిమా ఇది. నిర్మాత మా హిందూపురం మనిషే. పట్టుగూళ్ల వ్యాపారంతో మొదలుపెట్టి, బెంగళూరులో స్థలాలు కొని అమ్మి బాగా సంపాదించాడు. పుస్తకాలు చదివే అలవాటు లేదు. వాళ్లమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ వస్తూ కారులో ఒక నవల చదివి వినిపించిందట. నన్ను పిలిపించి ఆ నవల మూడు భాగాలూ బల్ల మీద పెట్టాడు.

"మా పాప చదువుతాంటే బండి పక్కకాపుకొని ఏడ్సినానప్పా. ఇంత వయసులో, రోడ్డు మింద! లారీవోళ్లంతా చూసిరి. ఇది తీయాల్సిందే. దుడ్ల సంగతి నాకిడిసిపెట్టు."

నేనూ ఆ రాత్రే మొదలుపెట్టి చదివాను. వాన పడని ఒక కొండ మీద ఒక ఊరుంటుంది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ మగ్గం ఉంటుంది. మంచును వడికి దారం తీసి, ఆ దారంతో మేఘాలు నేస్తారు. నేసిన మేఘాలన్నీ పై దేశాల రాజులకు వెళ్లిపోతాయి. ఆ ఊరికి మాత్రం ఒక్క చినుకు కూడా మిగుల్చుకోకూడదని శాసనం. తెగిన పోగులు అతికే ఒక ముసలామె ఉంటుంది. చూపు సరిగా ఆనదు. ఆమె ప్రతి మేఘంలోంచీ ఒక్క పోగు దాచుకుంటూ ఉంటుంది. తన జీవితకాలంలో సొంత ఊరికి సరిపడా ఒక చిన్న మేఘం నేయాలని. రాజులు, యుద్ధాలు, ఎగిరే ఏనుగులు అన్నీ ఉన్నాయి ఆ పుస్తకంలో. కానీ చదివి మూసేశాక మనసులో మిగిలేది ఆ ముసలామె వేళ్లే. మూడో భాగం చివర్లో ఆమె మగ్గం ముందు కూర్చుంటుంది. నాలుగో భాగం ఇంకా రాయలేదు.

రాసినావిడ ధర్మవరంలో టీచరు. నేత పనివాళ్ల కుటుంబం. హక్కుల కోసం మేం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె చాపమీద కూర్చుని, మా కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. ఒకే ఒక షరతు పెట్టింది.

"డైరెక్టర్‌ను ఎంచేటప్పుడు నేనూ కూర్చుంటా అన్నా. మేఘాలు మీ ఇష్టం. ఏనుగులు ఎగిరినా సరే, నడిచినా సరే. ముసల్ది మాత్రం పోకూడదు. అది పోతే నాకు నాలుగో భాగం లేదు."

"పోదమ్మా" అన్నాను. నిర్మాత కూడా, "యాడికి పోతాదమ్మా, మేం లేమా?" అన్నాడు.

కెమెరామన్‌గా మా ఊరివాణ్ణే తీసుకున్నాం. అందరినీ భాయ్ అని పిలుస్తాడు, మేమూ ఆయన్ను భాయ్ అనే అంటాం. మేమిద్దరం ఒకే వీధిలో గోలీలాడినవాళ్లం. ఆయన ఎన్నో పెద్ద సినిమాలు చేశాడు. వెలుగు విషయంలో ఆయన మాటకు తిరుగుండేది కాదు. అలా డైరెక్టర్‌ను ఎంచడానికి మేం నలుగురమయ్యాం. నిర్మాత, రచయిత్రి, భాయ్, నేను. ఎక్కడ కూర్చోవాలన్నప్పుడు పెనుకొండ అనుకున్నాం. ధర్మవరం నుంచి ఆమెకూ, హిందూపురం నుంచి మాకూ దగ్గరే. పైగా ఆ కోట మీదే షూటింగ్ చేయాలనుకున్నాం. వచ్చే డైరెక్టర్‌ను కొండ మీదికి తీసుకెళ్లి చూపిస్తే మనిషి లోపల ఏముందో తెలుస్తుందని నా ఆలోచన.

ఎలా తేల్చాలన్న ప్రశ్న రాగానే నేను మా సంఘం పద్ధతి చెప్పాను. ఓటు వద్దు. నలుగురి మనసూ ఒకటైతేనే డైరెక్టరు.

నిర్మాత కాసేపు నన్ను పరీక్షగా చూశాడు. "అంటే దుడ్లు పెట్టే నాకూ, టీ తాగే భాయ్‌కూ ఒగటే తూకమా?"

"ఒకటే."

"మా మసీదు కమిటీలో అందరి మనసూ ఒగటి కావాలంటే ప్రళయం రావాల" అన్నాడు భాయ్. "సరే కానీ భాయ్, సినిమావోళ్లం గదా, ఏదైనా నమ్ముతాం."

రచయిత్రి మాత్రం సంతోషించింది. తన మాటకు విలువ ఉంటుందని ఆమెకు అనిపించి ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. ఆమెను కాపాడే పద్ధతి ఇంతకంటే మంచిది లేదనుకున్నాను.

మొదట వచ్చిన డైరెక్టరు చాలా పెద్దవాడు. ఆయన పోస్టర్లకు జనం పాలాభిషేకాలు చేస్తారు. కొండ సగం ఎక్కి, ఒక రాతి మీద కూర్చుని నీళ్లు తాగి, మొత్తం సినిమా చెప్పేశాడు. వినడానికి అద్భుతంగా ఉంది. నిర్మాత నోరు తెరుచుకుని విన్నాడు. ముసలామె ఎక్కడా రాలేదు.

"ముసలామె?" అని రచయిత్రి అడిగింది.

"ఉందమ్మా. చివర్లో ఆవిడ పాతికేళ్ల అమ్మాయని తెలుస్తుంది. శాపం. శాపం పోగానే..." అని చేత్తో ఏదో విప్పుతున్నట్టు చూపించాడు. "అంత బడ్జెట్ పెట్టి ముసలామెను చూపిస్తే హాల్లో సమోసాలమ్మే అబ్బాయి కూడా ఇంటికెళ్లిపోతాడమ్మా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే, "నాకు కుదరదు సార్" అని చెప్పేసింది. నిర్మాతకు ప్రాణం పోయినట్టయింది గానీ, మాట మాటే. ఆ పద్ధతి ఒకసారి పనిచేసింది. నేను మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

రెండో ఆమె రొళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. అప్పటికి ఒకే ఒక సినిమా తీసింది. అది హాళ్లకు వచ్చినట్టే ఎవరికీ తెలియదు. నిర్మాత పంపిన కారు వద్దని, బస్సులో దిగి, ఆటో ఎక్కి వచ్చింది. అలవాటు ప్రకారం మొదలుపెట్టే ముందు నేను ప్రార్థన చేశాను. అందరూ తలలు వంచారు. కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల తల వంచకుండా కొండనే చూస్తూ ఉంది. అది నా మనసులో చిన్న ముల్లులా గుచ్చుకుంది. ఎందుకు దాచాలి, గుచ్చుకుంది.

కొండ మొత్తం ఎక్కింది. మాలో రచయిత్రి ఒక్కతే ఆమె వెంట పైదాకా వెళ్లగలిగింది. మేం ముగ్గురం కింది బురుజు నీడలో ఆయాసపడుతూ కూర్చున్నాం. వాళ్లు దిగి వచ్చేటప్పుడు మాటలు వినిపించాయి.

"మేడం, ఒగటి చెప్పండి. పోగు దొంగిలించేటప్పుడు ఆమె చేతులు వణుకుతాయా?"

రచయిత్రి మెట్టు మీదే ఆగిపోయింది. "నేనది రాయలే."

"రాయలేదనే అడుగుతాండా."

"వణకవు" అంది ఆమె మళ్లీ మెట్టు దిగుతూ. "వేరే పనులన్నింట్లో వణుకుతాయి. దొంగతనంలో వణకవు."

"నేనూ అట్లే అనుకున్యా" అంది ఆ పిల్ల.

ఆ మధ్యాహ్నం రచయిత్రి ముఖం నేనెప్పుడూ మరచిపోలేను. పెళ్లిచూపుల్లో పిల్లకు అబ్బాయి నచ్చితే ఇంట్లోవాళ్లకు ఎలా తెలిసిపోతుందో, అలా తెలిసిపోయింది. కానీ నిర్మాత అడిగిన ప్రశ్నలకు ఆ పిల్ల చెప్పిన జవాబులు మరోలా ఉన్నాయి.

"మేఘాలు ఎట్లా చూపిస్తావమ్మా?"

"నాకింకా తెల్దు సార్."

"తెల్దా?"

"ముందు మగ్గం తెలియాల సార్. అది తెలిస్తే మేఘం అదే తెలుస్తాది."

భాయ్‌తో కూడా ఆమె నేరుగా మాట్లాడింది. "భాయ్, మీ సినిమాల్లో పొద్దునా సాయంత్రమూ ఒగటే తీరుగా ఉంటాయి. ఈడ అట్లా కుదరదు. ముసలామెకు చూపు ఆనదు గదా, ఆమెకు వెలుగు తేడా బాగా తెలుస్తాది" అంది. భాయ్ గట్టిగా నవ్వాడు. మాకందరికీ ఆ నవ్వు నిజమే అనిపించింది. ఆమె బస్సెక్కి వెళ్లిపోయాక, "తెలివి ఉండాది. పొగరూ ఉండాది. నా మనసు ఒప్పుకోలేదు భాయ్" అన్నాడు.

నిర్మాత అయితే లేచి తిరగడం మొదలుపెట్టాడు. "ఇంత పెట్టి తీస్తాంటే తెల్దంటాదేమప్పా! ఇల్లు కట్టే మేస్త్రీ వచ్చి, గోడ యాడొస్తాదో నాకు తెల్దంటే పని ఇస్తామా?"

రచయిత్రి ఆ పిల్ల కోసం వాదించింది. బాగా వాదించింది. అయినా ఇద్దరి మనసు ఒప్పుకోలేదు. పద్ధతి ప్రకారం ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది. మొదటాయన విషయంలో తనను కాపాడిన పద్ధతే ఇప్పుడు అడ్డం నిలబడిందని ఆ చూపులో ఉంది. "దేవుడు ఇంకెవరినో సిద్ధం చేసి ఉంటాడమ్మా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మూడో ఆయన మర్యాదస్తుడు. టీవీలోంచి సినిమాల్లోకి వచ్చి నాలుగైదు తీశాడు. ఏదీ పోలేదు, ఏదీ పెద్దగా ఆడలేదు. వచ్చీరాగానే పేరుపేరునా అందరి క్షేమం అడిగాడు. నేను ప్రార్థన చేస్తుంటే చేతులు కట్టుకుని తల వంచాడు. చివర్లో నాకంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. నా మనసు మెత్తబడింది.

నిర్మాతతో అన్నాడు: "మీరు చెప్పేది కరెక్టే సార్. జనం రావాలి కదా." భాయ్‌తో అన్నాడు: "వెలుగు మీది భాయ్, నేను వేలు పెట్టను." రచయిత్రితో అన్నాడు: "మేడం, మీ పుస్తకం నాకు పవిత్రం. ముసలామె లేకుండా ఈ సినిమానే లేదు." నాతో ఏకాంతంగా, షూటింగ్ రోజూ ప్రార్థనతోనే మొదలుపెడదామన్నాడు. ప్రతి ఒక్కరికీ వాళ్లు వినాలనుకున్నదే చెప్పాడు. ఆయన అబద్ధం ఆడలేదండీ. ఇది మీరు బాగా అర్థం చేసుకోవాలి. ఆయన అన్నీ నిజంగానే అనుకున్నాడు.

ఆయన కోట చూడ్డానికి వెళ్లినప్పుడు మేం నలుగురం గెస్ట్‌హౌస్ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నమైంది. నేను ప్రార్థన చేసి, ఒక్కొక్కరినీ అడిగాను.

"నాకేం అడ్డం లేదు" అన్నాడు నిర్మాత.

"మంచోడు భాయ్. ఆయనతో కొట్లాడాలన్నా కొట్లాడలేం" అన్నాడు భాయ్.

నాకూ సమ్మతమే అన్నాను.

ఈలోగా బయట వరండాలో క్యారియర్లు దిగాయి. ఊళ్లోని ఒక మెస్ నుంచి రాగి సంగటి, నాటుకోడి పులుసు తెప్పించాడు నిర్మాత. మూతలు తీసిన శబ్దమూ, వెనకే వాసనా లోపలికి వచ్చాయి. నిర్మాత కుర్చీలో ముందుకు జరిగాడు.

రచయిత్రి కిటికీలోంచి చూస్తోంది. "మీ మనసులో ఏముందమ్మా?" అని అడిగాను.

"ఆ రొళ్ల పిల్ల..." అని మొదలుపెట్టింది.

"మళ్లా మొదటికొచ్చె" అన్నాడు నిర్మాత. విసుగ్గా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. "అమ్మా, ఈయన ముసలామె ఉంటాదనే చెప్తాండాడు గదా! సంగటి సల్లారిపోతాది, అందరూ సరే అంటే లేద్దాం."

ఆమె మా ముగ్గురినీ చూసింది. "లేదన్నా. మీరందరూ ఒగటైనారు. నేనొక్కదాన్నే అడ్డమెందుకు? కానీయండి."

"దేవునికి స్తోత్రం" అన్నాను. లేచి చేతులు కడుక్కున్నాం. పులుసు చాలా బాగుంది. మా నలుగురికీ ఒకటే మనసు వచ్చిందనుకున్నాను. వచ్చింది ఆకలి.

దీని గురించి ఆ తర్వాత చాలా ఆలోచించాను. మా మందిరంలోనూ 'నేనొక్కణ్ణే అడ్డమెందుకు' అనే మాట వినిపించేది. ఆ మాట రాగానే మా పెద్దాయన వాక్యం మూసేసి, "ఈ రోజుకు చాలు, ఇంటికి పోండి" అనేవాడు. మళ్లీ వారం కూర్చునేవారు. ఉపవాసంతోనే. వద్దన్నవాడు ఎందుకు వద్దంటున్నాడో తవ్వి తీసేదాకా కదిలేవారు కాదు. పైగా ఆ నిర్ణయంతో ఆ కుటుంబాలన్నీ ఏళ్ల తరబడి ఒకే గదిలో కూర్చుని బతకాలి. తప్పయితే దిద్దుకునే ఆదివారాలు ఎన్నో ఉంటాయి. మా పెనుకొండ గదికి అవేవీ లేవు. మనసులు కలవాలంటే ముందు బాగా కొట్లాడుకోవాలి. మేం కొట్లాడుకోకుండా ఉండే దారి వెతుక్కుని, దానికి దేవుడి పేరు పెట్టాం.

రొళ్ల అమ్మాయికి ఫోన్ చేసి చెప్పే పని నాది.

"ఎవురు వద్దన్నారు సార్?" అని అడిగింది.

"అట్లా ఎవరూ అనలేదమ్మా" అని అబద్ధమాడాను. "ఇప్పుడు ఎంచుకున్నాయన్ని మాత్రం ఎవరూ కాదనలేదు."

అవతల ఎక్కడో బస్సు హారన్ వినిపిస్తోంది. "అయితే సార్, ఆయన కావాలని కూడా ఎవురూ అనలేదు గదా?"

ఇంకో సినిమాకు తప్పకుండా పిలుస్తామన్నాను. "ఉంటా సార్. మేడమ్‌కు చెప్పండి, చేతుల సంగతి గుర్తు పెట్టుకోమని" అని పెట్టేసింది. ఆ కబురు నేను రచయిత్రికి అందించాను. ఆమె ఊఁ అంది, అంతే.

షూటింగ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నా ఉద్యోగంలో అంత ప్రశాంతంగా జరిగిన సినిమా మరొకటి లేదు. రోజూ ప్రార్థన చేశాం. టైముకు మొదలై టైముకు అయిపోయేది. ఎవరు ఏది అడిగినా డైరెక్టరు ఇచ్చేవాడు. నిర్మాతకు పాట కావాలంటే పాట. ఏనుగులు ఎక్కువసేపు ఎగరాలంటే ఎగిరాయి. భాయ్‌కు పొగమంచులో బంగారు వెలుగు కావాలంటే అదే. సినిమా కొనుక్కునేవాళ్లు ముసలామె మరీ ముసలిగా ఉందన్నారు. రచయిత్రి ముసలామె ఉండాలంది. డైరెక్టరు ఇద్దరి మాటా తీసేయలేక, నలభై దాటిన ఒక పేరున్న నటిని పెట్టి, జుట్టుకు తెల్లరంగు వేయించాడు. అటూ ఇటూ కాకుండా, అందరికీ కుదిరేట్టు. ఆమె మంచి నటే. చాలా కష్టపడింది. పోగు దొంగిలించే సీనులో ఆమె చేతులు వణికించింది. చూసేవాళ్లకు జాలి కలగడానికి. మానిటర్ ముందు నిలబడి, కట్ అనాలని నాకు అనిపించింది. కట్ అనడం నా పని కాదు. డైరెక్టర్ చెవిలో చెప్పాను. "బాగా వచ్చింది కదా సార్!" అన్నాడు ఎంతో ప్రేమగా.

రచయిత్రి ఆ రోజు సెట్‌కు రాలేదు. ఆమెకు బడిలో పరీక్షలు.

సినిమా విడుదలైంది. పోలేదు. పెట్టింది వచ్చింది, ఇంకాస్త వచ్చింది కూడా. నిర్మాత హిందూపురంలో ఊరంతటికీ భోజనాలు పెట్టాడు. ఎవరినడిగినా ఒకటే మాట: "చూడొచ్చు." నా ముప్పై ఏళ్ల సర్వీసులో తిట్లు విన్నాను, రాళ్లు పడటం చూశాను. ఆ ఒక్క మాట ఇంత బరువుగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. రోడ్డు పక్కన కారాపుకొని ఏడ్చిన నిర్మాత ప్రివ్యూలో ఏడవలేదు. బయటికొచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లి, "నాకేమీ కాలేదేమప్పా?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు, పాపం.

పిల్లలూ, మీరు చేసే పనిలో ఇది గుర్తుపెట్టుకోండి. పెద్ద డైరెక్టరు పుస్తకాన్ని మార్చేస్తానని ముఖాన చెప్పాడు, తప్పించుకున్నాం. ఆ రొళ్ల అమ్మాయిని పెట్టుకుని ఉంటే సినిమా బోర్లా పడి ఉండేదేమో, అదీ సాధ్యమే. అప్పుడు కూడా ఇలాగే కూర్చుని బాధపడేవాణ్ణేమో. కానీ ఆ బాధ వేరు. అది ప్రేమించి పోగొట్టుకున్న బాధ అయి ఉండేది.

రిటైరయ్యాక ఒకసారి ధర్మవరం వెళ్లాల్సి వచ్చింది. మా సంఘంలో ఒకమ్మాయి పెళ్లికి చీరలు కొనాలంటే తోడు వెళ్లాను. కొనడం అయ్యాక వాళ్లను షాపులోనే ఉంచి, ఆటో ఎక్కి రచయిత్రి ఇంటికి వెళ్లాను. వీధంతా మగ్గాల చప్పుడు. ఆమె నన్ను చూసి సంతోషించింది. "ఏమన్నా, ఇంత చిక్కిపోయినావు?" అంటూ కాఫీ పెట్టింది. బడి గురించి మాట్లాడింది, పిల్లల గురించి మాట్లాడింది. సినిమా వచ్చాక పుస్తకాలు బాగా అమ్ముడవుతున్నాయని చెప్పింది.

ఉండబట్టలేక, "నాలుగో భాగం ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగాను.

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"రాద్దామని కూర్చుంటా అన్నా. మగ్గం వస్తాది. ఇల్లు వస్తాది. ముసల్ది లోపలికి వస్తాంటే మాత్రం ఆ యాక్టరమ్మ ముఖమే వస్తాది. తెల్ల రంగేసిన జుట్టు. వణికే చేతులు. తుడిచేసి మళ్లా మొదలుపెడ్తా. మళ్లా ఆమే."

"కొన్నాళ్లకు పోతుందిలేమ్మా."

"అది మా అవ్వన్నా" అంది. "నేను రాసింది మా అవ్వను. నన్ను సాకింది ఆమే. ఈ వీధిలో అందరి మగ్గాలకూ పోగులు అతికేది. ఆమెకు ఫోటో లేదు. ఒక్కటి కూడా లేదు. కండ్లు మూసుకుంటే కనపడేది, అంతే. ఇప్పుడు నాకు ఆమె ముఖం గుర్తు రాదన్నా."

ఆమె ఏడవలేదు. పక్కింటివాళ్లు ఇల్లు మారారన్న వార్త చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు పెనుకొండ గదిలో ఈ సంగతి ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. అడిగినా, 'మీరు చెప్పనిచ్చారా' అని ఆమె తిరిగి అడిగేది కాదు. అంత మంచి మనిషి.

నాకు చేతనైంది ఒకటే. "ప్రార్థన చేయమంటావా అమ్మా?" అన్నాను.

"చేయన్నా" అని చెంగు తల మీదికి లాక్కుంది. మర్యాద కోసం. "ఏమని చేస్తావు?"

"మీ అవ్వ ముఖం నీకు తిరిగి ఇవ్వమని."

ఎన్నో సెట్ల మీద, ఎన్నో ఆసుపత్రుల్లో, ఎంతోమంది తలల మీద చేయి పెట్టి ప్రార్థన చేసినవాణ్ణి. మాటలకు ఎప్పుడూ వెతుక్కోలేదు. ఆ చాప మీద మోకరించి కళ్లు మూసుకుని, ఆ ముసలితల్లిని దేవుడి ముందు నిలబెట్టాలని చూశాను. నా కళ్ల ముందుకు కూడా తెల్లరంగు జుట్టుతో ఆ నటే వచ్చి నిలబడింది.

ఆమె తల వంచుకుని, నేను మొదలుపెడతానని ఎదురుచూస్తూ ఉంది.